ముతక పనివాళ్ళు తర్వాత రావచ్చు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను తెలకపల్లి నుంచి గద్వాలకు హెల్త్ ఎడ్యుకేటర్‌గా బదిలీ చేశారు. డాక్టర్ల కింద, క్షేత్ర సిబ్బందికి పైన ఉండే ఉద్యోగం అది. సూది వేయము, మాత్ర ఇవ్వము. జనాన్ని దవాఖానకు రప్పించే మాటలు రాయడం, చెప్పడం మా పని. ఆటోలో తిరిగే మైకు ప్రకటనను మేము ‘మ్యాటర్’ అంటాం. మ్యాటర్ రాయడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది.

చేరగానే అప్పగించింది చేనేత వీధిలో కంటి శిబిరం. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారుతుందే, ఆ చత్వారానికి ఉచితంగా అద్దాలివ్వాలి. కళ్ళను నిర్లక్ష్యం చేస్తే బతుకు చీకటేనని మ్యాటర్ రాశాను. ఆటో ఊరంతా తిరిగింది. సాయంత్రం దాకా టెంటు కింద మేమూ, మా కుర్చీలూ! డాక్టరు గారు విసుగెత్తి, రేపూ ఇదే వరస అయితే అద్దాలు వనపర్తికి పంపేస్తానన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉండబట్టలేక మగ్గాల ఇళ్ళకు వెళ్ళాను. నర్సింహులు అనే నడివయసు నేతగాడు మగ్గం మీద ఉన్నాడు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే అతుకును చూసే నేతగాడి పనితనం చెబుతారు. తెగిన పోగు కోసం అతను వేలితో తడుముతున్నాడు. చివరికి భార్యే వంగి ముడి వేసింది. శిబిరానికి ఎందుకు రాలేదని అడిగాను.

“అద్దాలు పెట్టుకుంటే వీనికి కండ్లు పాయె అంటరు సార్. గప్పుడు షావుకారి నాకు పట్టు అంచు పని ఇస్తడా?”

పని ఇచ్చే ఆ షావుకారి ఇల్లు సరిగ్గా మా టెంటుకు ఎదురుగానే ఉంది. కళ్ళు పోతాయని నేను బెదిరిస్తున్నాను. చూపు తగ్గిందని నలుగురికీ తెలిసిపోతుందని వాళ్ళ బెదురు. నా మ్యాటర్ ఆ బెదురునే పెంచింది.

ఇంటికి పోకుండానే కొత్తది రాశాను: “సన్న పని చేసే నేతగాళ్ళకు అద్దాలొచ్చినయి. పట్టు అంచు, జరీ పని పట్టేటోళ్ళు ముందుగాల రండి. ముతక పని చేసేటోళ్ళు తీరిక చూసుకొని తర్వాత రావచ్చు.”

డాక్టరు గారు చదివి, ముతక పనివాళ్ళు చిన్నబుచ్చుకోరా అని అడిగారు. తనది ముతక పని అని ఒప్పుకునే మనిషి ఆ వీధిలో ఒక్కడూ దొరకడని చెప్పాను.

మరునాడు ఆటో రెండో మలుపు తిరగకముందే జనం వరస కట్టారు. అందరికంటే ముందు నిలబడ్డది ఎవరనుకున్నారు? షావుకారి! సన్న పనిలో మంచిచెడ్డలు తేల్చేది తానేనట. ఆయనే అద్దాలు పెట్టుకొని వీధిలోకి నడిచాక ఇక ఎవరికి బెదురు? మధ్యాహ్నానికి అద్దాలు అయిపోతే వనపర్తి వాటా కూడా ఇక్కడికే తెప్పించారు. ఆ రోజు నా నడకే మారిపోయిందని మా సిబ్బంది నేటికీ ఆటపట్టిస్తారు. మారదా మరి!

నర్సింహులు వెంట నేనూ అతని ఇంటికి వెళ్ళాను. అద్దాల్లోంచి మగ్గం మీది అతుకు చూసి, “గిది నేనే నేసిన్నా?” అన్నాడు. చివరి జానెడు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పోగు తెగింది. అలవాటుగా భార్య చేయి చాచింది. ఆలోపే అతను ముడి వేసేశాడు.

ఎదుటివాడి భయమేమిటో అడగకుండా భయపెట్టే మాట రాయకూడదు. అతను దేన్ని చూసుకొని తలెత్తుకుంటాడో తెలిస్తే, భయపెట్టే అవసరమే రాదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ మ్యాటరైనా, ముందు అది ఎవరికోసమో వాళ్ళ వీధికి వెళ్ళి నాలుగు మాటలు విని వచ్చాకే రాశాను.