పొడి రాలని రొట్టె

కపితొలినా యెగొరోవ్నాకు కోపం వస్తే ముందుగా చెవులు ఎర్రబడేవి. మాస్కో శివార్లలో, రోదసి యాత్రికులకు భోజనం తయారుచేసే కర్మాగారంలో, ఆమె పక్క బల్ల దగ్గరే నేను పదకొండేళ్లు పనిచేశాను. నాది టూత్‌పేస్ట్ ట్యూబుల్లాంటి గొట్టాల్లోకి బీట్‌రూట్ సూప్, పండ్ల రసం నింపే పని. ఆమెది రొట్టె. బొటనవేలంత నల్లరొట్టె, ఒక్కోటి ఒక్క ముద్ద. కొరకాల్సిన అవసరమే రాకూడదు. కొరికితే పొడి రాలుతుంది. పైన రోదసిలో ఆ పొడి కిందపడదు. గాల్లోనే తిరిగి కంట్లోనో, ఊపిరిలోనో, యంత్రాల సందుల్లోనో దూరుతుంది.

ఆమెది లెనిన్‌గ్రాడ్. జర్మన్లు ఊరిని ముట్టడించి తిండి రానివ్వని రోజుల్లో పన్నెండేళ్ల పిల్ల. బల్ల మీద రాలిన రొట్టె పొడిని తడివేలితో అద్దుకుని తిని బతికింది. మాలో ఎవరైనా ఎండిన ముక్క పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది.

డెబ్బై నాలుగో సంవత్సరం వసంతంలో వలేరియన్ ఆర్కాదియెవిచ్ అనే కొత్త అధికారి మా విభాగానికి వచ్చాడు. వచ్చిన వారానికే ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"పిండి పులియడానికి రాత్రంతా ఎందుకు? పొద్దున కలిపి మధ్యాహ్నానికి కాల్చెయ్యి. మే ఒకటో తేదీ కార్మికుల పండగలోపు రెండింతల పొట్లాలు చూపిస్తానని పైవాళ్లకి మాటిచ్చాను."

"మాటిచ్చింది మీరు. పులియాల్సింది పిండి. అది మీ మాట వినదు," అంది ఆమె. "ఇంకోటి. నాకు నలభై నాలుగేళ్లు. నన్ను మీరు అనండి."

అతను నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె చెవులు కందిపోయాయి.

ఆమె ఒప్పుకోకపోతే వేరే వాళ్లచేత కాల్పించాడు. ఆ రొట్టె చేత్తో పట్టుకుంటేనే విరిగిపోయేది. తనిఖీ ముద్ర వెయ్యనని ఆమె ఆ ముద్రను తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. అతను మారుతాళంచెవి తెప్పించి పెట్టె తెరిచి, తనే ముద్ర కొట్టేశాడు.

"కాపా, పోనీలే. పాపం వాడిదే," అన్నాను నేను, ముద్దుపేరుతో పిలుస్తూ.

"పాపం వాడిదే, కానీ పొడి పడే కళ్లు ఆ పైకెళ్లేవాళ్లవి. పైన ఒకడికి పొలమారితే నువ్వెళ్లి వీపు తడతావా?" అని నా మీద విరుచుకుపడింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

రోదసి నౌక ఎక్కబోయే యాత్రికులు ముందుగా మా దగ్గరికి వచ్చి ప్రతి వంటకం రుచి చూసి పదికి ఇన్ని అని మార్కులు వేసేవాళ్లు. ఆసారి వచ్చినవాడు రొదియోన్ చెరెమిసిన్, సైబీరియా మనిషి, తిండిపుష్టి గలవాడు. సూప్‌కి తొమ్మిది, పెరుగుముద్దకి పది వేశాడు. రొట్టె పళ్లెం రాగానే వలేరియన్ ఆర్కాదియెవిచ్ తనే అందించబోయాడు.

కపితొలినా అడ్డంగా వచ్చి పళ్లెంలోంచి గుప్పెడు రొట్టెలు తీసుకుంది. పిడికిట్లో నలిపింది. చెరెమిసిన్ ముందున్న తెల్లటి గుడ్డ మీద పొడి జలజలా రాలింది. తిండి వృథా అయితే ఏడ్చే మనిషి చేసిన పని అది.

"ఇక్కడ కాబట్టి కిందపడింది, కామ్రేడ్," అంది. "మీరు వెళ్లే చోట ఇది మీ కళ్లలో ఉంటుంది. దీని మీద ముద్ర నాది కాదు. నేను వెయ్యలేదు."

"ఈవిడకి మతి చలించింది," అన్నాడు వలేరియన్ ఆర్కాదియెవిచ్.

చెరెమిసిన్ ఆ పొడిని వేలితో అద్ది చూశాడు. మార్కుల కాగితం మీద సున్నా వేసి, "ఈవిడ కాల్చిన రొట్టె అయితేనే తీసుకెళ్తాను," అన్నాడు.

ఆ పెట్టెలన్నీ పక్కన పెట్టేశారు. ఆమె తన పద్ధతిలో, రాత్రంతా పిండి పులియబెట్టి, మళ్లీ కాల్చింది. అది పైకి వెళ్లింది. ఆ మర్నాడే ఆమెకు క్రమశిక్షణ తప్పినందుకు మందలింపు పత్రం ఇచ్చి, గొట్టాలు కడిగే గదికి మార్చారు.

శరదృతువులో చెరెమిసిన్ క్షేమంగా తిరిగొచ్చాడు. సభ పెట్టారు. వలేరియన్ ఆర్కాదియెవిచ్‌కి ప్రశంసాపత్రం. సభ మొదలయ్యే ముందు చెరెమిసిన్ వెతుక్కుంటూ కడుగుడు గదికి వచ్చాడు. రబ్బరు బూట్లతో, మోచేతుల దాకా నురగతో ఉంది ఆమె.

"కపితొలినా యెగొరోవ్నా, ఒక్క నలుసు ఎగరలేదండీ. చెబుదామని వచ్చాను."

"నాకు తెలియనిదా?" అని కసిరింది. "ఈ గొట్టాలకి చెబితే ఏం లాభం? అక్కడ మైకు ముందు చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆమె పేరు, తండ్రి పేరుతో సహా చెప్పాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వలేరియన్ ఆర్కాదియెవిచ్. వెనక వరుసలోంచి అది చూసి ఆమె బూట్లు టపటపలాడించుకుంటూ బయటికి నడిచింది.

తర్వాత ఆమె పాత బల్ల తిరిగి ఇస్తామన్నారు, మందలింపు మాత్రం రద్దు కాదన్నారు. "అయితే ఆ బల్ల మీరే తినండి," అని రాజీనామా ఇచ్చి, మా వీధి రొట్టెల దుకాణంలో చేరింది. రొట్టె కోసం నేను వరుసలో నిలబడ్డ ప్రతిసారీ ఆమె గొంతు లోపలినుంచి వినిపించేది. పిండిని తొందరపెడుతున్న ఎవరినో తిడుతూ ఉండేది.