సాంచల సప్పుడులో వినబడిన పాట

కోరుట్ల దగ్గరి పల్లెలో భూమవ్వకు ఒక్కతే బిడ్డ, పేరు వనిత. పుట్టగానే ఆ పిల్ల పెట్టిన కేకకు మంత్రసాని చేతిలోని కత్తెర జారవిడిచిందట. నమ్మనివాళ్లు ఒక్కసారి వనితతో మాట్లాడి చూడాలి. ఆమె పొలంలో ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున మేసే బర్రెలు కూడా తలెత్తి చూసేవి.

చర్చిలో పాటలు పాడేవాళ్లతో కలిస్తే నాలుగు ఆదివారాలు గడవకముందే పాస్టరు గారు పక్కకు పిలిచారు. "నువ్వు మనసుల పాడుకో బిడ్డా, దేవునికి ఇనవడ్తది" అన్నారు ఎంతో ప్రేమగా. ఇంటికొచ్చి ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. తల్లీబిడ్డలు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టి బతికేవాళ్లు. వాడకట్టు ఆడవాళ్లంతా ఒకే అరుగు మీద కూర్చుంటారు కదా, వనిత చిన్న కూనిరాగం తీసినా పక్కవాళ్లు కట్టల లెక్క మరిచిపోయి విసుక్కునేవాళ్లు. భూమవ్వ సిగ్గుతో చచ్చిపోయేది. వనితకేమో ఒళ్లు మండేది. ఆ గొంతు తనేమన్నా అంగట్లో ఏరికోరి తెచ్చుకుందా?

అట్లాంటి వాడకట్టుకు తిరుపతి దుబాయ్ నుంచి దిగాడు. కల్లు గీసే వృత్తి తండ్రితోనే పోయింది. అక్కడ ఐదేళ్లు కట్టడాల పని చేశాడు. అందరూ టీవీలు, దుప్పట్లు తెస్తే ఈ మహానుభావుడు కరెంటు గిటారు తెచ్చాడు. క్యాంపులో పక్క మంచం మీది ఫిలిప్పీన్స్ మనిషి నేర్పాడట. జగిత్యాలలో పెండ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే కుమార్‌ను తోడు తెచ్చుకుని వాయించడం మొదలుపెట్టాడు. పాడటానికి ముగ్గురు పిలగాండ్లు వచ్చారు. గిటారు మోతలో ఒక్కడి గొంతూ వినబడలేదు, ముగ్గురూ పారిపోయారు.

మూడో నాడు వనిత కోపంతో వాళ్ల వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఓ తిరుపతన్నా! ఆపుతవా, తీగలు తెంపాల్నా?"

తిరుపతి చేయి ఆగిపోయింది. డ్రమ్ము, గిటారు, స్పీకరు మూడూ మోగుతుండగా ఆ మాట అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

"కుమార్, ఇన్నవా? మనకు కావల్సిన గొంతు గిదేరా!" అని గంతేశాడు. వనిత తిట్టడానికి వచ్చి పాడటానికి ఉండిపోయింది. తన జన్మలో ఆమెను 'ఇంకా గట్టిగ' అన్న మొదటి మనుషులు వాళ్లిద్దరే.

"దీన్ని హెవీ మెటల్ అంటరు చిన్నవ్వా" అని తిరుపతి భూమవ్వకు నచ్చజెప్పబోయాడు.

"మెటల్ అంటే?"

"ఇనుము."

"ఔ, ఇనుమును రాతికేసి గుంజినట్టే ఉన్నది" అని ఆమె మొహం తిప్పుకుంది.

అది రెండువేల పదకొండు. ఊరూరా తెలంగాణ లొల్లే. చౌరస్తాకో దీక్షా టెంటు, రోడ్ల మీద వంటావార్పు, రాత్రి ధూంధాం ఆటపాటలు. ముగ్గురూ కూర్చుని ఒక పాట కట్టారు.

"నీళ్లడిగితే నోరు మూస్తిరి
నౌకరడిగితే నవ్వి పోతిరి
ఊకోం, ఊకోం, ఇగ ఊకోం!"

జగిత్యాలలో పెండ్లి వీడియోలు తీసే స్టూడియోలో ఆ ఒక్క పాటనే రికార్డు చేసి సీడీ వేశారు. పేరు 'ఊకోం', అంటే ఊరుకోం అని. అక్కడి ధూంధాంలో బతిమాలితే ఐదు నిమిషాలు ఇచ్చారు. రెండో నిమిషానికే మైకు కట్ చేశారు. "ఉద్యమానికి పాట గావాలె గని గిదేం బొబ్బ!" అని స్టేజీ మీదివాళ్లే నవ్వారు. జనం ఈలలు వేశారు. అవి మెచ్చుకునే ఈలలు కావని వేరే చెప్పాలా?

కోరుట్ల సీడీల దుకాణం రాజన్న కథ ఇంకా ఘోరం. మంచి మనిషి కాబట్టి సీడీలు అమ్మకానికి పెట్టాడు. కొన్నవాళ్లు సాయంత్రానికల్లా వాపసు తెచ్చారు. "రాజన్నా, సీడీ ఖరాబైంది, గర్రుగర్రుమంటున్నది" అన్నారు. ఆయన పాపం నిజమేననుకుని కొత్తది ఇచ్చాడు. అదీ గర్రుమంది. మళ్లీ ఇచ్చాడు. వారం తర్వాత మొత్తం కట్ట తెచ్చి తిరుపతి చేతిలో పెట్టి, "తమ్మీ, ఒక్కటి గుడ మంచిగ అచ్చుపడలేదు, స్టూడియోల అడుగు" అన్నాడు. పాటే అట్లా ఉంటుందని చెప్పకుండా తిరుపతి కట్ట చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఆ రోజు భూమవ్వ బిడ్డను ముందు కూర్చోబెట్టుకుంది.

"మంది నిన్ను జూసి నవ్వుతుంటే నా కడుపు కాలుతున్నది బిడ్డా. గీ పాటను ఒక్క ఊరన్న మెచ్చుకున్నదా? ఇంకొక్కపారి నవ్వులపాలైతే ఇగ పాట పేరెత్తనని మాటియ్యి."

వనిత మాటిచ్చింది. తల్లి కళ్లలో నీళ్లు చూసి ఇచ్చింది. పాట పోతే ఇక ఆమెకు మిగిలేది మనసులో పాడుకోవడమే.

వాపసు వచ్చిన సీడీల్లో ఒకటి తిరుపతి బావ శంకరయ్య సిరిసిల్లకు పట్టుకుపోయాడు. ఆయన సాంచలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. కార్ఖానాలో ఇరవై సాంచలు కొట్టుకుంటుంటే చెవిలో చెప్పిన మాట చెవికే అందదు. పెదాలు చూసి, చేతుల సైగలతో మాట్లాడుకుంటారు. గోడకు ఒక పాటల డబ్బా ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, ఏం మోగుతుందో ఎవరికీ తెలియదు. శంకరయ్య ఉత్త పుణ్యానికి ఆ సీడీ వేశాడు.

"ఊకోం!"

ఇరవై సాంచల మీద నుంచి వచ్చిందా గొంతు. సాంచలకు నూలు కండెలు మార్చే లక్ష్మవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎవరో పిలిచారనుకుంది. పన్నెండేళ్లుగా ఆ గోడ మీది డబ్బాలోంచి వాళ్లకు వినబడిన మొదటి పాట అదే. సాయంత్రానికి పక్క కార్ఖానా వాళ్లు అడిగి పట్టుకుపోయారు. నెల తిరిగేసరికి మెమొరీ కార్డుల్లో ఎక్కి, సాంచ తిరిగే ప్రతి గల్లీకీ చేరింది. సకల జనుల సమ్మె మొదలు కాగానే శంకరయ్య ఫోన్ చేశాడు: "తిరుపతీ, సిరిసిల్లల సభున్నది. గా పిల్లను తోలుకరా."

బస్సులు బంద్. ట్రాలీలో స్పీకర్లతో పాటు భూమవ్వ కూడా ఎక్కింది. బిడ్డ మాట తప్పకుండా చూసుకోవాలి కదా.

చౌరస్తా నిండా జనం. సమ్మెకు సాంచలన్నీ ఆగాయి, ఊరంతా నిశ్శబ్దం. వనిత పాట అందుకుంది. మొదటి చరణం అయింది. ఒక్క చప్పట్లేదు, ఒక్క ఈల లేదు. వేలమంది మొహమొహాలు చూసుకుంటున్నారు. అయిపోయింది, ఇది కూడా జగిత్యాలే అనుకుంది వనిత. అయినా ఆపలేదు. ఆపితే మళ్లీ పాడేది లేదు మరి.

కింద శంకరయ్య తల గోక్కుంటున్నాడు. "గిది మన పాటే గని... ఏందో కొదువున్నదే" అన్నాడు పక్కనున్న లక్ష్మవ్వతో.

"సాంచ లేదు గదనయ్యా!" అంది ఆమె. "మనం సాంచ లేకుండ గీ పాట ఎన్నడిన్నం?"

లక్ష్మవ్వ చెప్పు విడిచి నేల మీద కాలు కొట్టడం మొదలుపెట్టింది, సాంచ కొట్టే లెక్కనే. టక్కు టక్కు, టక్కు టక్కు. శంకరయ్య కలిశాడు. ఆయన వెనక వరుస కలిసింది. ఏళ్ల తరబడి అదే దెబ్బ మధ్య బతికిన కాళ్లకు తాళం ఎవరు నేర్పాలి? క్షణాల్లో చౌరస్తా మొత్తం ఒక్క కార్ఖానా అయిపోయింది. స్టేజీ మీద కుమార్ నోరు తెరిచాడు, చప్పున తన తాళం వదిలేసి వాళ్ల దెబ్బ అందుకున్నాడు. అప్పుడు లేచిందండీ పాట! సాంచల మీద అరిచి అరిచి రాటుదేలిన గొంతులు, వేల గొంతులు, ఒక్కసారిగా "ఊకోం!" అన్నాయి. దుకాణాల షట్టర్లు గలగలలాడాయి.

వనితకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాడుతోంది, నరాలు తేలేలా పాడుతోంది. కానీ ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి తన గొంతు తనకే వినబడటం లేదు.

స్టేజీ పక్క మెట్ల మీద భూమవ్వ నిలబడి ఉంది. చెంగు నడుముకు దోపి, తనూ కాలు కొడుతోంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని బిడ్డ వైపు అరిచింది. అంత మోతలోనూ ఆ కేక వినబడింది; అప్పుడు తెలిసింది వనితకు, తనకీ గొంతు ఎవరి నుంచి వచ్చిందో.

"ఇనవడ్తలేదు బిడ్డా! గట్టిగ పాడు!"