చిన్నాన్న ఎంచిన చిన్న రైఫిల్

పోయిన మంగళవారం పొద్దున్న మా చిన్నాన్న పోయాడు. బటాంగ్ బెర్జుంటై నుంచి ఫోను చేసినవాడు ఆయన మనవడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. "అత్తా... తాత... దా తాక్ అదా లా" అన్నాడు. లేడు అనే మాట వాడికి మలాయిలోనే దొరికింది. కౌలాలంపూర్‌లో వంటింటి బల్ల దగ్గర నిలబడి, "సరే నాన్నా, వస్తున్నాను" అన్నాను. కారు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

చిన్నాన్నకి తొంభై దాటాయి. నాకంటే ఐదేళ్లే పెద్ద. చిన్నాన్న అని పిలిచినా, నాకు ఆయన అన్నలాగానే ఉండేవాడు. ఆయన నాకొక సంగతి చెప్పి, మా నానమ్మ బతికుండగా బయటపెట్టొద్దని మాట తీసుకున్నాడు. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆయన కళ్లెదుట ఉండగా చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మలయాలో తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో మా రబ్బరు తోటలో కూలీల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె ఉండేది. పొద్దున్న గేటు తీసేదాకా ఎవరూ బయట అడుగు పెట్టకూడదు. చెట్లు గీయడానికి వెళ్లే ఆడవాళ్ల డబ్బాలు కూడా మూత తీసి చూసేవారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి ఒక్క మెతుకు చేరకూడదని అంత కాపలా. చిన్నాన్న అక్కడే స్పెషల్ కానిస్టేబులు. ఖాకీ నిక్కరు, పెద్ద రైఫిలు, చొక్కా చేతి మీద హోదా చార ఒకటి.

ఒకనాడు ఆ చార తీసేశారు. తెల్లవారుతుండగా కంచె అవతల ఏదో కదిలిందనీ, ఈయన కాల్చకుండా బిగుసుకుపోయాడనీ, సార్జెంటు వచ్చి ఎందుకు కాల్చలేదని అడిగితే "బయపడ్డాను సార్" అన్నాడనీ తోటంతా చెప్పుకున్నారు. అప్పట్నుంచీ ఆయన పేరు పిరికి పోలీసు. పక్క తోటలో మాట్లాడుకున్న సంబంధం కూడా ఆ మాట మీదే వెనక్కి పోయింది. ఎవరేమన్నా చిన్నాన్న నవ్వి ఊరుకునేవాడు. నేనూ నమ్మాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నమ్మాను.

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, రాకముందే మా ప్రాంతాన్ని కమ్యూనిస్టుల బెడద లేని తెల్ల ప్రాంతమని ప్రకటించారు. కర్ఫ్యూ పోయింది, కంచె పోయింది. చిన్నాన్న పోలీసు బట్టలు విప్పేసి రబ్బరు ఫ్యాక్టరీలో ఇంజన్ల పనికి కుదిరాడు. నేను తోట తెలుగు బడిలో టీచర్‌ని. పోలీసు పోస్టు వెనక తుపాకులు కాల్చడం నేర్పిన మట్టిగట్టు అలాగే మిగిలింది. ఆదివారాలు అక్కడ గురి ఆట ఆడుకోమని దొర స్టాఫ్ క్లబ్బుకి అనుమతి ఇచ్చాడు. చిన్నాన్నే దగ్గరుండి అందరికీ నేర్పేవాడు. ఒక ఆదివారం సరదాకి నేనూ గోనెసంచి మీద బోర్లా పడుకుని ఐదు తూటాలు కాల్చాను. రెండే కాగితానికి తగిలాయి. మగవాళ్లు నవ్వారు.

చిన్నాన్న నవ్వలేదు. "నీ సెయ్యి వనకట్లేదు అమ్మీ. ఈ క్లబ్బు తుపాకీయే వనుకుతున్నాది. గొట్టం అరిగిపోనాది. మంచిదొకటి సూద్దుము."

ఆయనకీ ఒక చిన్న రైఫిలు కావాలని ఉండేది. అడవికోడికీ పావురానికీ పెద్ద తుపాకీ అక్కర్లేదు, సన్న తూటాల పాయింట్ టూ టూ చాలు. మెర్డేకా అయిన కొద్ది వారాలకి, లైసెన్సు కాగితం చేతికి రాగానే, నన్ను వెంటబెట్టుకుని కౌలాలంపూర్ బయల్దేరాడు. వీధుల్లో కొత్త జెండాలు ఇంకా దించలేదు. తుపాకుల కొట్టు తౌకే, అంటే చైనీయుడైన షావుకారు, బొద్దుగా, కళ్లద్దాలతో ఉన్నాడు. తుపాకీ కొనడానికి చీర కట్టుకున్న పిల్ల రావడం అతనికి వింతగా తోచినట్టుంది. ముందుగా కర్ర మీద జింక బొమ్మ చెక్కిన రైఫిలు తీసి, "చాలా అందం లా!" అన్నాడు.

చిన్నాన్న దాన్ని నా చేతికిచ్చాడు. "కల్లు మూసుకో. బుజానికి ఆనించు. ఇప్పుడు కల్లు తెరు. గొట్టం సివర గురిముల్లు కనబడినాదా?"

"లేదు సిన్నాన్నా. మెడ వంచితే కనబడుతున్నాది."

"అయితే అది నీది కాదు. తుపాకీ మన కంటికాడికి రావాల. మనం దానికాడికి ఎల్లకూడదు."

రెండోది, ఒకసారి నింపితే వరసగా పది పేలుస్తుందట. చిన్నాన్న చేత్తో కూడా ముట్టలేదు. "రెండో తూటా కాసుకునుంటే మొదటిది అశ్రద్దగా పోతాది" అన్నాడు నాతో.

మూడోది చెక్ దేశంలో చేసింది. ఏ చెక్కుడూ లేదు, నల్లటి వాల్‌నట్ కర్ర, చేత్తో బోల్టు లాగి ఒక్కొక్క తూటా ఎక్కించుకోవాలి. చిన్నాన్న బోల్టు బయటికి తీసి, గొట్టం చివర వెలుతురు పడేలా బొటనవేలి గోరు అడ్డంపెట్టి, వెనకనుంచి లోపలికి చూశాడు. నన్నూ చూడమన్నాడు. లోపలి గాడులు సన్నగా మెరుస్తూ మెలి తిరిగి పోతున్నాయి. ఎక్కడా మచ్చ లేదు. తర్వాత ఖాళీ తూటా ఒకటి పెట్టి, లోపలి మేకు దెబ్బతినకుండా, ట్రిగ్గరు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఎన్నిసార్లు నొక్కాడో, తౌకేకి విసుగొచ్చి టీ తెప్పించాడు.

"ఇంకోటుంది లా, ఈక లాంటి ట్రిగ్గరు. తాకితే చాలు!" అన్నాడు తౌకే.

"తాకితే పేలేది నాకొద్దు" అని మలాయిలో అతనికి చెప్పి, తెలుగులో నాతో అన్నాడు: "మొదటి నొక్కుకి కొంచెం వచ్చి ఆగాల. రెండో నొక్కుకే పేలాల. ఆ మద్దెన మనిసికి ఆలోసించుకోడానికి సోటుండాల, అమ్మీ."

అప్పుడది తుపాకీ పాఠమే అనుకున్నాను. చేతులు లాగేదాకా ఆ రైఫిలు నాతో ఎత్తి పట్టించాడు. వేటకి మోయాలంటే తేలిక కావాలి, గురి నిలవాలంటే బరువుండాలి, ఇది రెండింటికీ మధ్యన ఉందని తేల్చాడు. మూడు రకాల తూటాలు ఒక్కో పెట్టె కొన్నాడు. ఎందుకని అడిగితే, "ఏ తుపాకీకి ఏ తూటా నచ్చుతాదో దాన్నే అడగాల" అన్నాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ పొడుగాటి మూట ఒళ్లో పెట్టుకుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆ తర్వాతి నెలలో ఒక ఆదివారం పొద్దున్న అడవికోడి కోసం తోట అంచుకి వెళ్లాం. మంచు ఇంకా విడలేదు. నిలువెత్తు లాలాంగ్ గడ్డిలో కోడి కూసింది. చిన్నాన్న మోకాలి మీద కూర్చుని రైఫిలు ఎత్తాడు. గడ్డి కదిలింది.

"అదిగో! కొట్టు సిన్నాన్నా!" అన్నాను గుసగుసగా.

ఆయన కొట్టలేదు. గడ్డి మళ్లీ కదిలింది. కోడి అవతల్నుంచి టపటపా ఎగిరిపోయింది. నాకు ఒళ్లు మండింది. "ఊరకే అన్లేదు నిన్ను పిరికోడని" అనేశాను.

మాట నోరు దాటిందో లేదో గడ్డి విడదీసుకుని ఒక ముసలామె బయటికొచ్చింది. మా ఇళ్ల వరసలోనే ఉండే తమిళావిడ. నెత్తి మీద చితుకుల మోపు. మమ్మల్ని చూసి, కోడి దొరికిందా అని అడిగి, నవ్వుకుంటూ పోయింది.

అక్కడే కూలబడ్డాను. చిన్నాన్న తూటా తీసి జేబులో వేసుకుని, నా పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజూ ఇలాగే మంచు. కంచె అవతల నల్లగా ఏదో వంగున్నాది. కదిలితే కాల్చమని ఆర్డరు. మొదటి నొక్కు నొక్కేసినాను. రెండోది మిగిలినాది. అప్పుడది లేచి నిలబడి, రెండు సేతులూ ఎనక్కి పెట్టి, కొప్పు ముడేసుకున్నాది. మా అమ్మ, అమ్మీ. కాలవ కాడ తీగ కిందనుంచి దూరి, కూరకి పాకు మొక్క సిగుల్లు కోసుకోడానికి ఎల్లినాది. కూరాకు లేని రోజులు గదా."

"మరి సార్జెంటుకి సెప్పలేదేటి?"

"ఏటని సెప్పను? అడివిలోవోల్లకి కూడు మోస్తున్నాదని తీసుకెల్లిపోయేవోరు. గట్టిగా దగ్గినాను. అది లోపలికి పారొచ్చేసినాది. సార్జెంటు వచ్చి అడిగితే బయపడ్డానన్నాను." కాసేపు గడ్డి వైపు చూసి, "అబద్దం కూడా కాదు. అంత బయం మరెప్పుడూ పడలేదు" అన్నాడు.

నేను ఏడ్చాను. ఏమన్నానో గుర్తులేదు. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "అమ్మకి తెలీకూడదు. తెలిస్తే అన్నం తినదు" అని మాట తీసుకున్నాడు.

అప్పుడు నాకు ఇంకొకటి అర్థమైంది. ఆ రోజుల్లోనే ఒకనాడు చిన్నాన్న ఇంటికొచ్చి, "అమ్మా, పాకు కూర నాకు పడట్లేదు, ఇంక వండకు" అన్నాడు. నానమ్మ మళ్లీ వండలేదు, దానికోసం కంచె దాటనూ లేదు. నా చిన్నకొడుక్కి ఆ కూర పడదని బతికినన్నాళ్లూ అందరికీ చెప్పేది. ఆమె పోయాక, ఒక పెళ్లిలో కొబ్బరిపాలు పోసిన పాకు కూర వడ్డించారు. చిన్నాన్న రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. పిన్ని ఆశ్చర్యంగా చూసింది. ఆయన నావైపు ఒకసారి చూసి, తల వంచుకుని తిన్నాడు.

పిరికి పోలీసు అన్న పేరు ఆయన ఎప్పుడూ తుడుచుకోలేదు. ముప్పై ఏళ్లు ఇంజన్లు చూశాడు, ఆలస్యంగా పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లల్ని పెంచాడు. మొన్న ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఆ చేతులే చూశాను. కుడిచేతి చూపుడువేలు మిగతావాటిలాగే ముడతలు పడి, తేలిగ్గా వంగి ఉంది.

ఆ రైఫిలు కొన్న ఏడాది తోటల మధ్య జరిగిన గురి పోటీలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. మూడో స్థానం వచ్చింది. కానీ నాకు గుర్తుండిపోయింది పోటీ కాదు, దానికి ముందు ఆదివారం. మట్టిగట్టు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఐదూ కాల్చి బోల్టు తీసి పెట్టాను. చిన్నాన్న గట్టు దాకా నడిచి వెళ్లి, కాగితం పీకి, తిరిగి నా దగ్గరికి వచ్చాడు. ఎదురుగా నిలబడి కాగితాన్ని రెండు చేతులతో ఎండకి ఎత్తి పట్టుకుని చూశాడు. చిల్లుల్లోంచి ఆయన చెంప మీద పడ్డ ఐదు చిన్న వెలుతురు చుక్కలు, ఒకదాన్నొకటి ఆనుకుని, ఆయన నవ్వినప్పుడల్లా కదులుతున్నాయి.