మేస్త్రి మూసేసిన డబ్బా

మా మేస్త్రి పోయాడని పుంగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మదనపల్లెలో ఒక టమోటా బండి కింద పడుకుని సైలెన్సర్ ఊడదీస్తున్నాను. ఫోను చేసింది ఆయన భార్యే. "అప్పా, మీ మేస్త్రి లేడు. పొద్దున కాఫీ తాగి మంచం మీద కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు. నీకు సెప్పకుండా ఎట్లుండేది," అంది. వస్తానన్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మూడేళ్లుగా ఆయన్ను అడగాలనుకున్న మాట ఒకటుంది, ఇక అడగడానికి మనిషి లేడు.

ఆ మాటేమిటో మీకు తెలియాలంటే ఆయన పని గురించి చెప్పాలి. మా పక్క టమోటా బండ్లు తోటల్లోకి దిగాలంటే టైర్లలో గాలి తగ్గించాలి, లేకపోతే తడి మట్టిలో కూరుకుపోతాయి. తారురోడ్డు ఎక్కాక మళ్లీ గాలి కొట్టాలి. తోటల మధ్య గాలి కొట్టే అంగడి ఎక్కడుంటుంది? మా మేస్త్రి పాత ఏసీ కంప్రెసర్ ఒకటి తెచ్చి, ఇంజను పక్కన బిగించి, బెల్టు తగిలించి, ఏసీ గ్యాసుకు బదులు మామూలు గాలిని పీల్చేలా మార్చేవాడు. ఆ గాలి బండి కింద చిన్న ట్యాంకులోకి ఎక్కేది. క్యాబిన్లో స్విచ్చి నొక్కితే చాలు. చౌడేపల్లె, గుర్రంకొండ డ్రైవర్లు కూడా ఆయన షెడ్డునే వెతుక్కుంటూ వచ్చేవారు.

లారీ నడపడం మానుకుని, ముప్పై దాటాక ఆయన దగ్గర చేరాను. ఏడేళ్లు చేశాను. మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం విరిచి నా గిన్నెలో వేసేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. బిగింపు అయ్యాక ఇంజను ఆపించి, కళ్లు మూసుకుని, పైపుల దగ్గర చెవి పెట్టేవాడు. సబ్బు నురుగు పూసి చూసుకునే పని నాది, ఆయనకు చెవి చాలు. "గాలికి దాసేది తెలీదప్పా. యాడ సందుంటే ఆడ సెప్పేస్తాది," అనేవాడు. సాయంత్రం ఆ గాలితోనే తన చొక్కా మీది దుమ్ము కొట్టుకుని, నా వీపు మీదిదీ కొట్టి ఇంటికి పంపేవాడు. అలాంటి మనిషిని ఎవరైనా అనుమానిస్తారా?

కంప్రెసర్‌కూ ట్యాంకుకూ మధ్య చెంబంత డబ్బా ఒకటి ఉండేది. దాన్ని మాత్రం ఇంటి దగ్గరే చేసి, రెండు వైపులా వెల్డింగు వేసి తెచ్చేవాడు. అదెందుకని ఒకసారి అడిగాను.

"నీళ్లు పట్టేదానికప్పా. వానాకాలం తేమ ట్యాంకులోకి పోకుండా."

దాని అడుగు నుంచి సన్న రాగి పైపు మళ్లీ కంప్రెసర్‌కే పోతోంది కదా, అదెందుకన్నాను.

"ఒత్తిడి సమంగా ఉండేదానికి. ఎండాకాలం ఇదేమీ లేకున్నా నడుస్తాది."

నమ్మాను. నా బుద్ధి ఆ రోజు గడ్డి తింది.

కుప్పంలో నేను సొంత షెడ్డు పెట్టుకుంటే ఆయనే వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. మొదటి బండి కూరగాయలు తోలే ఒక డ్రైవరుది. మంచి ఎండాకాలం, డబ్బా లేకుండానే బిగించాను. రెండు నెలలు చక్కగా నడిచింది. మూడో నెల టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు పోతుంటే, పలమనేరు దాటాక కంప్రెసర్ పట్టేసి బెల్టు తెగింది. ఇంజనుకు నీళ్లు తిప్పేదీ ఆ బెల్టే. ఇంజను వేడెక్కి బండి ఆగిపోయింది. సరుకు వేలానికి అందలేదు.

ఆ కంప్రెసర్ ఊడదీసుకుని డ్రైవరూ నేనూ పుంగనూరు వెళ్లాం. మేస్త్రి దాన్ని చేత్తో తిప్పబోయాడు, తిరగలేదు. "నూనె లేక పట్టేసింది," అన్నాడు. నూనె పోశాకే బిగించానన్నాను.

"పోస్తే సాలదప్పా, గాలితో పాటే పోతాది. దాన్ని పట్టి మళ్లీ పంపే డబ్బా యాది? నీకు సెప్పినానే."

"నీళ్లు పట్టేదానికని గదా సెప్పినావు మేస్త్రీ."

ఆయన డ్రైవరు వైపు తిరిగి, "ఈ పనికి సెయ్యి తిరగల్లప్పా. బండి ఈడికి తెచ్చి ఇడిసిపెట్టు, నేను సూస్తా," అన్నాడు.

ఆ మాట నాకంటే ముందే కుప్పం చేరింది, నా షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. తర్వాత ఖాళీ డబ్బాలు పెట్టి చూశాను, నూనె నిలవలేదు. లోపల ఏం పెడతాడో నాకు తెలియదు, తన బండి డబ్బాను కోసి చూడనిచ్చే డ్రైవరు దొరకలేదు, ఆయన్ను అడగడానికి మనసొప్పలేదు. ఆరు నెలలకు షెడ్డు మూసేసి మదనపల్లెలో ఇంకొకరి దగ్గర కుదిరాను. ఆయన నేర్పిన పనితోనే ఈ రోజుకూ అన్నం తింటున్నాను, కాదనను. కానీ తెలిసే దాచాడా, నాకు చెప్పేశాననే అనుకున్నాడా? మూడేళ్లూ నన్ను తొలిచింది ఆ ఒక్క సందేహమే.

దినాలకు వెళ్లాను. భోజనాలయ్యాక అక్క, అదే ఆయన భార్య, ఇంటి పక్కన ఆయన డబ్బాలు చేసుకునే గది తాళం నా చేతిలో పెట్టింది. "ఎవురికో డబ్బా సేస్తా సేస్తా నిలిపేసినాడు. వాళ్లు వచ్చి అడుగుతాండారు. నువ్వు తప్ప ఎవురుండారప్పా?"

డబ్బా బల్ల మీద ఉంది. ఒక వైపే వెల్డింగు అయింది. లోపల వేలు పెట్టి లాగాను. గిన్నెలు తోమే స్టీలు పీచు. ఒకదాని మీద ఒకటి నాలుగు, గట్టిగా కుక్కి ఉన్నాయి. గాలిలో పోయే నూనె వాటికి తగులుకుని చుక్కలై కిందికి దిగుతుంది, రాగి పైపులో వెనక్కి పోతుంది. ఇంతే. ఇంత దానికి నా షెడ్డు మూతపడింది.

నా వెంట వచ్చిన అక్క ఒక పీచు తీసుకుని తిప్పి చూసింది.

"ఇవి నావే గదప్పా," అంది మెల్లగా. "తెచ్చినవి తెచ్చినట్టే మాయమైతాంటే పనిచేసే ఆయమ్మ మీద అనుమానపడితి. దొంగదానివని నోటికొచ్చినట్టు తిట్టి మాన్పించేస్తి. ఆ పొద్దు ఈయన ఎదురుగానే కూసోని కాఫీ తాగుతాండె. ఒక్క మాట అనలే."

నా ప్రశ్నకు జవాబు దొరికింది. నాకు చెప్పేశానని పొరబడిన మనిషి కాదు, తెలిసే దాచాడు. ఆయన్ను క్షమించానని మీకు చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది.

మూడు పీచులు మళ్లీ డబ్బాలో కుక్కాను. రెండో మూతకు వెల్డింగు వేయలేదు. అంచు పెట్టి, మధ్యలో రబ్బరు వేసి, బోల్టులతో బిగించాను. ఎవరైనా విప్పి చూసుకోనీ. నాలుగో పీచు కోసం చేయి చాపితే అక్క ఇవ్వలేదు. దాన్ని పిడికిట్లో పట్టుకుని గది వాకిట్లో నిలబడి, వీధి చివర ఆ పనిమనిషి ఇంటి వైపే చూస్తోంది.