ఇంజనుకు బొట్లు

ఎనభైల్లో, మద్రాసు పురసవాక్కంలో మా ఇంటి ముందే మా ఆయన కారు టైమింగ్ బెల్టు మార్చడానికి కూర్చున్నాడు. పాతది తీశాక అది కలిపి తిప్పే పళ్ల చక్రాలు రెండూ ఒక్క పన్ను కూడా జరగకూడదట. రంగు దొరకక, గుర్తుగా ఒక్కోదానికి కుంకుమబొట్టు పెట్టాడు. "తిరిగిందంటే ఇంజను పోతుంది" అని వాటిని నా చేత పట్టించి, కొత్త బెల్టు కోసం లోపలికి వెళ్లాడు.

అంతలో పూజ ముగించి మా అత్త వచ్చింది. "ఒక్కో బొట్టేనా పెట్టేది?" అంటూ, నేను "వద్దత్తా" అనేలోపే చక్రాల నిండా బొట్లు పెట్టేసింది.

ఆయన వచ్చి చూశాడు. "నువ్వు ఈడనే కదా ఉండావు? చూస్తా ఊరికే ఉంటావా?" అని తన తల్లి మీద కాదు, నా మీద అరిచాడు.

ఇక ఆ ఇంజనుకు మిగిలిన గుర్తు, కదలకుండా పట్టుకున్న నా చేతులే.

"వదిలేసేదా?" అన్నాను.