నిలబడి పాలిచ్చిన బాలింత

మా అమ్మాయి సరళ బిడ్డకు నిలబడి పాలిస్తూ కనిపించిన రోజు నాకేదో తేడాగా తోచింది. తొంభైల చివర్లో మాట. కాన్పయి పదిహేను రోజులు కావస్తోంది. పక్కనే మంచం ఖాళీగా ఉంటే, బాలింత గోడకు ఆనుకుని నిలబడింది.

"కూచోకూడదామ్మా?"

"బాగుండాను లేప్పా," అంది. ముఖం ఇటు తిప్పలేదు.

బళేపేటలో నాది గాజుల కొట్టు. బడికి పోయింది తక్కువ. చదువంతా గాజులు చుట్టే పాత పేపర్లలో నేర్చుకున్నదే. సరళ తల్లి ఎప్పుడో పోయింది. కాన్పుకు దొడ్డబళ్ళాపురం నుంచి మా అక్క వచ్చి పత్యం చూసుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "థర్డ్ డిగ్రీ టేర్ అయింది. మలద్వారం కండరం దాకా చిరిగింది. కుట్లు వేశాం. మోషన్ గట్టిపడకూడదు. సిరప్ తాగించండి, నీళ్ళు బాగా ఇవ్వండి." నేనూ విన్నాను, అక్కా విన్నది.

ఇంటికొచ్చాక అక్క పద్ధతి అక్కది. పచ్చి ఒంటికి నీళ్ళు పడవని పూటకో చిన్న లోటా. వెల్లుల్లి కారంపొడి, నెయ్యి, పొడి అన్నం. సిరప్ సీసా అటక మీదికి చేరింది. ముక్కీ ముక్కీ సరళకు కుట్లు విడిపోయాయి. దొడ్డికి పోవాలంటే భయంతో తిండి మానేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. కంచం అలాగే వెనక్కి వస్తోందేమని అడిగితే అక్క, "బాలింత గదిలో మగోడికేం పనిరా? వాకిట్లో ఉండు," అంది.

నిలబడి పాలిచ్చిన రోజు సాయంత్రమే జ్వరం కాసింది. ఆటోలో ఒత్తిగిలి పడుకుని ఆస్పత్రికి వచ్చింది.

"వూండ్ గేప్ అయింది, కుట్లు విడిపోయాయి. ఇన్ఫెక్షన్. సిరప్ తాగలేదా?" అంది డాక్టరమ్మ.

"భేదిమందు కదమ్మా, పాలల్లో దిగి బిడ్డకు భేదులైతాయని ఇయ్యలే," అంది అక్క.

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముండాది, మేమంతా చేసేదే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నాతో అంది: "ఇప్పుడు మళ్ళీ కుట్టలేం. చీము, వాపు తగ్గాలి. నెలలు పడుతుంది. ఆ తర్వాత రిపేర్."

ఆ నెలల్లో నాకు ఏడుపు రాలేదు. సరళకూ రాలేదు. యాంటీబయాటిక్స్, పొద్దునా సాయంత్రం టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి కూర్చోబెట్టే సిట్జ్ బాత్. గ్యాస్ ఆగేది కాదు, మోషన్ ఆగేది కాదు. అల్లుడు ఆదివారం వస్తే తలుపు వెనక నుంచే మాట్లాడేది. బిడ్డకు పేరు పెట్టిన రోజు గది దాటి రాలేదు. తలనొప్పని వచ్చినవాళ్ళకు చెప్పాం. పన్ను నొప్పయితే వీధంతా చెప్పుకుంటాం. దీనికి మాత్రం తలనొప్పి అని పేరు.

గుడ్డలు నేనే ఉతికేవాణ్ణి. "తండ్రివి, నువ్వు ఉతకేదేందిరా? పరువు పోతాది," అనేది అక్క.

"పోనీలేక్కా. నువ్వు ఆ లోటా మార్చి చెంబు పెట్టు."

సరళ చిన్నపిల్లల బడిలో టీచరు. "పిల్లకాయల ముందర అయిపోతే ఏం చేసేదప్పా? ఇంక నేను బడికి పోను," అంది ఒకనాడు, కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా.

రిపేర్ చేశారు. అయినా కొన్నాళ్ళు గ్యాస్ ఆగలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి కండరం బిగించి పట్టి వదలడం నేర్పింది. గోడ వైపు తిరిగి పడుకుని రోజూ చేసేది. ఒక మధ్యాహ్నం ఎండలో కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"బడిదాకా బస్సులో పోయొచ్చినాను. దారిలో ఏం కాలేదప్పా."

స్టూలు జరిపాను. కూర్చుంది.

ఇప్పుడు, రెండు వేల పదిలో, ఆ బిడ్డ ఆరో తరగతి. సరళ అదే బడిలో పాఠాలు చెబుతోంది. ఈసారి కాన్పయితే సిజేరియనే అని డాక్టరమ్మ చెబితే, ఒక్కటి చాలంది. ఎక్కడికి పోయినా ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుంటుంది.

సీమంతపు గాజులకు కడుపుతో ఉన్న పిల్లలు నా కొట్టుకు వస్తారు. ఆ చేయి పట్టుకుని గాజులు తొడిగితే ఎవరికీ సిగ్గు లేదు. కాన్పయ్యాక నీళ్ళు తగ్గించవద్దని వాళ్ళ తల్లులకు చెబితే మాత్రం మొహం ముడుచుకుంటారు. ఒకావిడ సగం గాజులతోనే కూతుర్ని లేపుకుపోయింది. పోనీ.

నేను చెప్పేది ఒక్కటే. బాలింత చేతికందేటట్టు నీళ్ళ చెంబు పెట్టి, మోషన్ సాఫీగా అవుతోందా, ఆపుకోగలుగుతున్నావా అని నోరు తెరిచి అడగండి. అడిగే ఆడవాళ్ళు ఇంట్లో లేకపోతే తండ్రే అడగాలి.