నాంపల్లి అంబులెన్సుకు నెయ్యి డబ్బా

నాంపల్లి స్టేషన్‌లో దిగేసరికి పదకొండు నలభై. ఎండ, ఉక్క, గాలి లేదు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో పానాల పెట్టె, జేబులో మూడు మడతల ఆర్డరు. “గాయపడినవారి తరలింపు. వాహన మెకానిక్. నాలుగు వారాలు.” సరిహద్దులో అరవై అయిదు యుద్ధం నడుస్తుంటే, సైన్యం నన్ను మా అత్త ఇంటికి పది నిమిషాల నడక దూరంలో మోహరించింది. ఏదో పొరపాటు జరిగిందని స్టేషన్‌లో డ్యూటీ చూస్తున్న సుబేదార్ సాబ్‌కు విన్నవించుకున్నాను. ఆయన ఆర్డరు రెండుసార్లు చదివాడు.

“పొరపాటయితే సంతకం ఉండదు,” అన్నాడు.

అర్థం కాలేదు. సెల్యూట్ కొట్టాను.

మా బలగం ఒక పాత పెట్రోల్ అంబులెన్సు, జనగామ వైపు నుంచి వచ్చిన హవల్దార్ డ్రైవరు, వెనక ఒక నర్సింగ్ సిపాయి, నేను. రైల్లో వచ్చిన క్షతగాత్రులను ఆబిడ్స్ మీదుగా, ట్యాంక్‌బండ్ దాటించి, సికింద్రాబాద్ వైపున్న సైనిక దవాఖానకు చేర్చాలి. ముప్పై అయిదు నిమిషాల దారి. సికింద్రాబాద్‌కు సొంత స్టేషన్ ఉండగా వాళ్లను నాంపల్లిలో ఎందుకు దించుతున్నారో నాలుగు వారాల్లో ఎవరూ చెప్పలేదు. అడిగితే మళ్లీ సంతకం మాట వస్తుందని నేనూ ఊరుకున్నాను.

మొదటి రోజు ముగ్గురిని తీసుకెళ్లాం. బండి వెనక భాగమంతా మాడిన నూనె కంపు. ఇద్దరు వాంతి చేసుకున్నారు. నర్సింగ్ సిపాయి కూడా చేసుకున్నాడు, కానీ ఆయనకు గాయం లేదు కాబట్టి రిపోర్టులో రాయలేదు.

దవాఖాన మెట్ల మీద డాక్టర్ కెప్టెన్ నన్ను ఆపాడు. “ఎల్లుండి సాయంత్రం నాలుగు పదికి వచ్చే రైల్లో ఒక కుర్రాడున్నాడు. కళ్లకు కట్టు, పొట్టకు కుట్లు. వాంతి చేసుకుంటే ఆ కుట్లు తెగుతాయి. తెగితే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.”

వేరే అంబులెన్సు లేదు. కుర్రాడి పొట్ట నా చేతిలో పెట్టారన్నమాట. నాకు అప్పటికి ఇరవై ఒకటి. అంతకుముందు నా చేతిలో పెట్టిన అతి విలువైన వస్తువు జాకీ.

హవల్దార్ బండి కింద దూరి చూపించాడు. ఇంజను పక్క నుంచి ఒక గొట్టం కిందికి దిగి పొగ కక్కుతోంది. పైన నేల రేకు తుప్పుపట్టి జల్లెడయింది.

“గీ గొట్టం మూసేస్తే అయిపాయె. పొగనే లేకుంటే కంపు ఏడికెల్లి వస్తది, తమ్మీ?”

ఆయన ఒక చెక్క బిరడా చెక్కి, గుడ్డ చుట్టి, సుత్తితో బిగించాడు. బండి స్టార్ట్ చేసి స్టేషన్ రోడ్డెక్కాం. ఎనిమిదో నిమిషంలో బానెట్ కింద ఠప్పుమంది. నూనె కొలిచే పుల్ల ఎగిరి బానెట్‌కు తగిలింది. దాని వెనకే నూనె చిమ్మింది.

“ఎవడన్న కాల్చిండా?” అన్నాడు హవల్దార్, తల వంచి.

“మన ఇంజనే, అన్నా.”

నాంపల్లి రంగంలో నేను విన్న ఏకైక పేలుడు అది.

అప్పుడు తెలిసింది. ఇంజను అడుగున నూనె ఉండే గదిని క్రాంక్‌కేస్ అంటారు. పైన పెట్రోల్ మండినప్పుడల్లా కొంత వాయువు పిస్టన్ రింగుల పక్క నుంచి ఆ గదిలోకి జారుతుంది. రింగులు అరిగిన ముసలి ఇంజనులో ఇంకా ఎక్కువ. ఆ గొట్టం దాని ముక్కు. ముక్కు మూస్తే ఒత్తిడి పెరిగి, పుల్ల ఉన్న కన్నం నుంచో, నూనె సీళ్ల నుంచో తన్నుకొస్తుంది. కాబట్టి పొగను ఆపకూడదు, దారి మళ్లించాలి. రబ్బరు గొట్టంతో, ఇంజను గాలి పీల్చే ఎయిర్ ఫిల్టర్‌కు కలిపితే ఇంజనే దాన్ని మళ్లీ పీల్చి కాల్చేస్తుంది. ఒక్కటే చిక్కు. పొగతో పాటు నూనె తుంపర కూడా వెళ్లి ఫిల్టర్‌ను ముంచుతుంది. అందుకని మధ్యలో నూనె పట్టే డబ్బా ఒకటి కావాలి.

డిపోకు ఫోన్ చేశాను. అలాంటి వస్తువు జాబితాలో లేదన్నారు. ఉన్నా ఆరు వారాలు పడుతుందన్నారు.

మర్నాడు బేగం బజార్ వెళ్లాను. రేకు పని చేసే ముసలాయన నెయ్యి డబ్బా ఒకటి తిప్పి చూశాడు.

“గిది ఏం జేస్తవ్ బేటా?”

“ఇంజనుకు, చాచా.”

“ఇంజను నెయ్యి తింటదా?”

“తినదు. కక్కుతది.”

“అట్లైతే పక్కా మిలిట్రీదే,” అని టంకం వేయడం మొదలుపెట్టాడు.

మూతకు రెండు గొట్టాలు. లోపల పొడుగుది అడుగుకు రెండు వేళ్ల ఎత్తు దాకా దిగుతుంది. అది ఇంజను నుంచి. పొట్టిది మూత దగ్గరే ఆగుతుంది. అది ఫిల్టర్‌కు. మధ్యలో గిన్నెలు తోమే ఇనప పీచు కూరాం. పొగ కిందికి దిగి, పీచులోంచి పైకి లేస్తుంది, నూనె బొట్లు పీచుకు పట్టుకుని అడుగున పడతాయి. వంచేయడానికి కింద చిన్న ఇత్తడి కుళాయి. మూత అతికించాక ఏది పొడుగో బయటికి తెలియదు కాబట్టి సుద్దతో గుర్తులు పెట్టాను.

మూడో రోజు పొద్దున సుబేదార్ సాబ్ తళతళలాడే డబ్బాను చూశాడు. ప్రభుత్వ వాహనం మీద బజారు డబ్బా ఏమిటన్నాడు. నేను రొట్టె తిని వచ్చేసరికి డబ్బా, గొట్టాలు, కుళాయి అన్నీ పచ్చ రంగులో ఉన్నాయి. సైన్యంలో నిలబడి ఉన్న ఏ వస్తువుకూ ఆ రంగు నుంచి తప్పించుకునే మార్గం లేదు. సుద్ద గుర్తులు మాయం. రంగు కోసం ఊడదీసిన గొట్టాలను జ్ఞాపకం మీద తిరిగి బిగించాను.

పరీక్షకని ఒంటి గంట నుంచి ట్యాంక్‌బండ్ దాకా మూడు చుట్లు. మూడో చుట్టు తిరిగి వస్తూ, రెండు ఇరవై అయిదుకు, ఆబిడ్స్ చౌరస్తాలో వెనక నీలి పొగ గోడలా లేచింది. జనం చేరారు.

“దాడి ఏమన్న అయిందా, సాబ్?” ఒక సైకిలాయన.

“లేదు. పరీక్ష.”

“పాసైన్రా?”

ఫిల్టర్ నూనెలో తేలుతోంది. గొట్టాలు తారుమారయ్యాయి. పొగ పై నుంచి డబ్బాలో చేరి, అడుగున చేరిన నూనెను పొడుగు గొట్టం గుండా ఇంజను నోట్లోకి తోసింది. రోడ్డు మీదే ఫిల్టర్‌ను పెట్రోల్‌తో కడిగి, డబ్బా వంచేసి, గొట్టాలు మార్చాను.

“ఇప్పుడన్న సక్కగున్నదా?” అన్నాడు హవల్దార్.

“తెల్వదన్నా.”

“నాకు సుత తెల్వదు. నడు.”

రైలు ఆలస్యంగా నాలుగు ముప్పై అయిదుకు వచ్చింది. స్ట్రెచర్ ఎక్కించాం. నేనూ వెనక కూర్చున్నాను, చేతిలో ఎనామిల్ బేసిను. నా వయసే ఉంటుంది ఆ కుర్రాడికి, వరంగల్ వైపు. బండి కదిలింది. నేను అతని గొంతునే చూస్తున్నాను. గుటక వేశాడు. బేసిను ముందుకు జరిపాను.

“అన్నా,” అన్నాడు. “గీడ ఎవలో మిరపకాయ బజ్జీలు ఏస్తున్నరు.”

“ఔ. ఆబిడ్స్.”

“జర నెమ్మదిగ పొమ్మనరాదే.”

డ్రైవరు వెనకున్న రేకు మీద కొట్టాను. హవల్దార్ గేరు తగ్గించాడు. దవాఖాన చేరేసరికి బేసిను పొడిగా ఉంది. కుట్లు పట్టి చూసి, డాక్టర్ కెప్టెన్ తలూపాడు. ఆ తర్వాత కుర్రాడి సంగతి నాకు తెలియదు.

నాలుగు వారాలు ముగిశాయి, యూనిట్‌కు తిరిగి వెళ్లాను, ఆ పైన ఇంటికి. ఇంట్లో అందరూ యుద్ధంలో ఏం చూశావని అడుగుతారు. ఏం చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. చూసింది ఒక్కటే. ఆబిడ్స్‌లో బండి నెమ్మదిగా పోతుంటే, కళ్లకు కట్టున్న ఆ మొహం, బజ్జీల బండి ఎటుంటే అటు, అది దాటిపోయేదాకా తిరుగుతూనే ఉంది.